లోడు దించిన కళాసీకి సాయంత్రమే కూలి, మాకు ఆర్నెల్లెందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వర్తక సంఘాల పెద్దలకు, దుకాణదారులకు, చిన్న పరిశ్రమల యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ దుకాణంలో కనబడకుండా మీ పని చేసేవాళ్లం మేము. కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీలో మీ ఎంట్రీలు వేస్తాం, జీఎస్టీ రిటర్నులు తయారు చేస్తాం, పండగ ఆఫర్లకి పోస్టర్లు చేస్తాం, ఆన్‌లైన్‌లో మీ సరుకు ఫొటోలూ ధరలూ పెడతాం, ప్యాకెట్లకి లేబుళ్లు డిజైన్ చేస్తాం. మాలో చాలామంది మొహం మీకు తెలియదు, ఫోన్లో గొంతు తెలుసు. రెండు జిల్లాల్లో కలిపి పదిహేడు మందిమి ఈ లేఖ గురించి ఒక మాట అనుకున్నాం. మాకు సంఘం లేదు, ఆఫీసు లేదు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో "ఇంకా పడలేదు" అన్న మెసేజ్‌లే ఎక్కువ.

ముందే రోడ్డెక్కలేదు మేము. మొదట ఒక వర్తక సంఘం వారికి మూడు పేజీల వినతిపత్రం ఇచ్చాం. మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు, మీటింగులో పెడతామన్నారు. నాలుగు నెలలైంది. ఈలోగా రెండు మీటింగులు జరిగాయి. మా కాగితం సంగతి అడిగితే "ఎక్కడో ఉంటదమ్మా, సూత్తాం" అన్నారు. తర్వాత ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ పెట్టాం. ఇది రెండు పక్షాల మధ్య ప్రైవేటు వ్యవహారం అని రాసి, అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ పంపారు. మా సమస్య తీరిపోయిందని మాకు తెలిసింది ఆ మెసేజ్ వల్లే.

నాది శ్రీకాకుళం. బీకాం చదివి విశాఖపట్నంలో ఒక ఆడిటర్ దగ్గర ఐదేళ్లు పనిచేశాను. పాప పుట్టాక ఇంటికి వచ్చేసి ఇక్కడి షాపుల లెక్కలు చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడు షాపులు నా చేతిలో ఉన్నాయి.

మన దగ్గర అవుట్‌సోర్సింగ్ అనగానే ఏదో ప్రభుత్వాఫీసులో పర్మినెంటు కాని ఉద్యోగం అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. మనిషిని జీతానికి పెట్టుకోకుండా, షాపులో చిన్న చిన్న పనుల్ని పనికింత అని బయటివాళ్లకి ఇవ్వడం గురించి చెబుతున్నాను. ఇది మీ తాతలకి లేని అవసరం. అప్పుడు షాపుకో గుమస్తా ఉండేవాడు. చిట్టా, ఆవర్జా రాసుకుంటూ గల్లాపెట్టె పక్కనే కూర్చునేవాడు. జీతం తక్కువే. కానీ దసరాకి బట్టలు, ఇంట్లో పెళ్లయితే కొంత సర్దుబాటు, మధ్యాహ్నం యజమాని ఇంటి నుంచి క్యారేజీ. కళ్లెదుట ఉన్న మనిషి కాబట్టి అతని అవసరం కనబడేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ చిట్టా సరిపోలేదు. నెలనెలా వేసేవాళ్లకి 11వ తారీకుకి అమ్మకాల రిటర్ను, 20కి పన్ను రిటర్ను. నడుమ 14న వచ్చే కొనుగోళ్ల స్టేట్‌మెంటుతో మీ బిల్లులు సరిచూసుకోవాలి. కంప్యూటర్ తెలిసిన మనిషిని పూర్తిగా పెట్టుకోవాలంటే పదిహేను వేలు అడుగుతారు, పనేమో రోజుకి గంటన్నర. అదే మాకిస్తే రెండు మూడు వేలతో అయిపోతుంది. మీకు ఖర్చు మిగులుతుంది, మేము ఇల్లు వదలక్కర్లేదు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

మీ షాపు ముందు లారీ ఆగితే ఏం జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. కళాసీలు వస్తారు. బస్తాకి ఇంత అని రేటు ముందే ఉంటుంది. మేడ మెట్లెక్కించాలంటే ఇంకో రేటు. అదీ ముందే ఉంటుంది. లోడు దిగగానే మేస్త్రీ లెక్క చెబుతాడు, మీరు గల్లా తెరుస్తారు. "పండగెల్లాక సూద్దాం" అని కళాసీతో అనే షాపుని నేను ఇంతవరకూ చూడలేదు. అంటే రేపు లారీ రోడ్డు మీదే ఉండిపోతుందని అందరికీ తెలుసు. మా పని బస్తాలా కనబడదు. మేము దించిన లోడు మీ కంప్యూటర్లోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకని కాబోలు, గల్లా తెరవాలని ఎవరికీ తోచదు.

ఇక మాకు జరుగుతున్నవి ఒక్కొక్కటిగా.

1. పని మొదలయ్యేటప్పుడు రేటు ఉండదు, కాగితం ఉండదు. "నువ్వు చెయ్యమ్మా, నేను చూసుకుంటాను" అంటారు. ఇంకా దగ్గరివాళ్లయితే "కూతురు లాంటిదానివి" అంటారు. ఆ మాట వినబడితే మాకు టెన్షన్ మొదలవుతుంది. కూతురు నాన్నని బిల్లు ఎలా అడుగుతుంది?

2. ఇచ్చే రోజు ఉండదు. ఒక బట్టల షాపుకి పద్నాలుగు నెలలు లెక్కలు చూశాను. నెలకి 3,500 అని నోటిమాట. మొదటి మూడు నెలలు టైముకే ఇచ్చారు. నాలుగో నెల ఆషాఢం, బేరాల్లేవన్నారు. శ్రావణంలో పెళ్లిళ్ల హడావిడి, తీరిక లేదన్నారు. దసరాకి సరుకు తెచ్చాం, చేతిలో డబ్బు లేదన్నారు. సంక్రాంతికి తప్పకుండా అన్నారు. సంక్రాంతికి ఒక చీర పెట్టారు. సంతోషంగా తీసుకున్నాను. వారం తర్వాత వచ్చిన బిల్లుల కట్టలో నా పేరు మీద 1,450 రూపాయల అరువు చీటీ ఉంది. ఆ చీర ఎంట్రీ ట్యాలీలో నా చేత్తో నేనే వేశాను. పదకొండు నెలలకి రావాల్సినవి 38,500. చీర పోను 37,050. ఈ రోజుకీ రాలేదు. అదే షాపులో గల్లా వెనక "అప్పు రేపు" అని బోర్డు వేలాడుతూ ఉంటుంది.

3. టీడీఎస్ పేరుతో కోత. టీడీఎస్ అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి మా పేరున ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను. మా గ్రూపులో ఒకతను వెబ్‌సైటు చేసిచ్చాడు. 12,000కి మాట అనుకుంటే, పది శాతం టీడీఎస్ అని 1,200 కోసి 10,800 ఇచ్చారు. సరే, రిటర్ను వేసి తెచ్చుకుందామని, మన పాన్ మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్ తెరిస్తే అందులో సున్నా. కోసిన డబ్బు ప్రభుత్వానికి వెళ్లలేదు. ఒక్కరికి ఏడాదికి ఇచ్చే వృత్తి ఫీజు ఒక పరిమితి దాటితేనే టీడీఎస్ కోయాలి. ఆ పరిమితి ఇంతకు ముందు 30,000, 2025 ఏప్రిల్ నుంచి 50,000. పన్నెండు వేల మీద కోయాల్సిన పనే లేదు. కోస్తే కట్టాలి, మా పాన్ మీద చూపించాలి. రెండూ చేయనప్పుడు దాన్ని టీడీఎస్ అనరు. ఏమంటారో మీకూ తెలుసు.

4. "జీఎస్టీ బిల్లు తెస్తేనే పేమెంటు." ఇది కొత్త వంక. సేవలు అందించేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. నెలకి ఇరవై వేలు కూడా కళ్లజూడని మా దగ్గర ఆ బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? మేము మామూలు బిల్లు ఇస్తే చాలు, మీ ఖర్చుల్లో రాసుకోవచ్చు. మీ లెక్కలు రాసేది మేమే కదా, మమ్మల్ని నమ్మండి.

5. చెప్పకుండా చేయించి, తర్వాత తప్పు మామీదికి తోయడం. ఒక జీడిపప్పు వ్యాపారి మాలో ఒకమ్మాయికి లేబుల్ పని ఇచ్చారు. ఆయన చెప్పింది ఒక్క వాయిస్ మెసేజ్: "గ్రీన్ కలర్లో రిచ్‌గా ఉండాలమ్మా." ఆ అమ్మాయి రిచ్‌గానే చేసింది. ఆరు వేల లేబుళ్లు అచ్చయ్యాక చూస్తే వాటి మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు లేదు, ప్యాక్ చేసిన నెల వేసే చోటు లేదు, ఫిర్యాదులకి ఫోన్ నంబరు లేదు. పైగా బొమ్మలో పౌనుకి 180 పప్పులు తూగే పెద్ద గుండు, ప్యాకెట్లో ఉన్నది పౌనుకి 320 తూగే చిన్న రకం. అచ్చు ఖర్చు నువ్వే పెట్టుకో అన్నారు. ఆమె ఏడుస్తూ మాకు ఫోన్ చేసింది. నిజం చెప్పాలంటే తప్పు ఇద్దరిదీ. ప్యాకెట్ మీద ఏవేవి ఉండాలో డిజైన్ చేసేవాళ్లు తెలుసుకోవాలి, నంబర్లు ఇవ్వాల్సింది వ్యాపారి. లేబుల్ మీద రావాల్సిన పది విషయాలు ముందే ఒక కాగితం మీద రాసుకుని ఉంటే ఆరు వేల లేబుళ్లు చెత్తలోకి పోయేవి కావు. మాలో చాలామంది తగాదాలు తవ్వి చూస్తే అడుగున ఇదే ఉంటుంది.

6. "ముందు శాంపిల్ చూపించు." ఒక షాపు వారు ఐదుగురి దగ్గర ఐదు పోస్టర్లు శాంపిల్‌గా తీసుకున్నారు. ఎవరికీ పని ఇవ్వలేదు. పండగ నాడు స్టేటస్‌లో ఐదూ తిరిగాయి.

7. 19వ తారీకు రాత్రి. దీని గురించి లెక్కలు చూసేవాళ్లందరి తరఫునా రాస్తున్నాను. నెలంతా అడిగినా రాని కొనుగోలు బిల్లులు 19 రాత్రి పది గంటలకి వాట్సాప్‌లో వస్తాయి, డెబ్భై ఎనభై ఫొటోలు, సగం మసక. తెల్లారేదాకా కూర్చుని అన్నీ ఎక్కించి, 20 సాయంత్రం రిటర్ను వేయబోతే ఓటీపీ యజమాని ఫోన్‌కి వెళ్తుంది. ఆయన అరసవల్లిలో దర్శనం క్యూలో ఉంటారు, లేకపోతే ఎవరింట్లోనో భోజనాల దగ్గర. ఓటీపీ గడువు దాటిపోతుంది. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల ఫైను, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ఆ ఫైను మా ఫీజులోంచి కోసిన సందర్భాలు గ్రూపులో నలుగురికి ఉన్నాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ తుపానులో ఒక మిల్లు వారి పద్దు పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇన్సూరెన్సు క్లెయిము పెట్టడానికి లెక్కలు కావాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, లారీ రసీదులు, పాత బిల్లుల ఫొటోలు ముందేసుకుని మొత్తం లెక్కలు మళ్లీ కట్టింది మాలో ఒకావిడ. కరెంటు లేని రోజులవి. పక్క ఊళ్లో జనరేటర్ ఉన్న చుట్టాలింట్లో కూర్చుని చేసింది. క్లెయిము వచ్చింది. ఆమెకి "దేవతలా ఆదుకున్నావమ్మా" అన్న మాట వచ్చింది. ఆ మాట ఎంత పలుకుతుందో నాకు ట్యాలీలో రాయడం రాదు.

అందరూ ఇలాగే అంటే పాపం. బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. పనస దుంగ తొలిచి వీణ చేసే మనిషి. మాలో ఒకమ్మాయి వెళ్లి నాలుగు వీణల ఫొటోలు తీసి, కొలతలూ ధరలూ ఆన్‌లైన్‌లో పెట్టింది. బస్సెక్కేలోపే ఆమె చేతిలో డబ్బు పెట్టారు. "నాను పని సేసి డబ్బులకి తిరిగినోడినే తల్లీ, ఉంచు" అన్నారట. చిన్నవాళ్లు వెంటనే ఇస్తారు. మూడు షట్టర్ల షాపుల దగ్గరే మాకు చెప్పులరిగేది.

దీని ఫలితం మా ఇళ్లలో ఎలా ఉంటుందో కూడా వినండి. మేము పదిహేడు మందిమి ఊరు వదలలేక ఇక్కడ ఉన్నవాళ్లం. పన్నెండు మంది ఆడవాళ్లం, పిల్లలున్నవాళ్లం. ఒకతను ఉద్దానం నుంచి. తండ్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్, ఆస్పత్రికి తీసుకెళ్లేది ఇతనే. అందుకే హైదరాబాదులో వచ్చిన ఉద్యోగం వదులుకున్నాడు. అతనికి ఇక్కడి రెండు షాపుల నుంచి 21,000 రావాలి. ఆ డబ్బు కోసం తిరిగే ఆటో చార్జీలు తన దగ్గర లేవని, ఇక ఫోనే చేస్తానని గ్రూపులో రాశాడు. ఫోన్ ఎత్తడం లేదు. నరసన్నపేట నుంచి ఒకావిడ రాత్రి పిల్లలు పడుకున్నాక పదకొండు నుంచి రెండు దాకా ఎంట్రీలు వేస్తుంది. ల్యాప్‌టాప్ ఈఎంఐ 2,300. డబ్బు ఆగిన నెలల్లో మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి కట్టింది.

ఇంకో విచిత్రం. మాలో ముగ్గురు ఇక్కడి షాపుల పని మానేసి ఫైవర్ లాంటి వెబ్‌సైట్లలో విదేశీ పనులు చేసుకుంటున్నారు. అక్కడ సంపాదనలో ఐదో వంతు కమీషన్ కింద పోతుంది. అయినా సుఖమే అంటున్నారు. ఎందుకంటే పని ఆర్డరు పెట్టేటప్పుడే కొనేవాడు డబ్బు కడతాడు, అది మధ్యలో భద్రంగా ఉంటుంది, పని అయ్యాక వస్తుంది. మొహం తెలియని మనిషి ఎక్కడో సముద్రాలవతల నుంచి ముందే కడుతున్నాడు. ఏడు రోడ్ల జంక్షన్లో రోజూ ఎదురుపడే మనిషి కట్టడం లేదు. మీకు నష్టం ఏమిటంటారా? పోయిన దసరాకి రెండు షాపులు ఇక్కడివాళ్లు దొరక్క హైదరాబాద్ ఏజెన్సీకి పోస్టర్ల పని ఇచ్చాయి. సగం డబ్బు అడ్వాన్సు, కాగితం మీద సంతకం, అన్నీ మారుమాట లేకుండా ఇచ్చారు. వచ్చిన పోస్టర్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తేదీ తప్పు.

మా తప్పులు దాచుకోను. కొందరం ఒప్పుకున్న పని టైముకి ఇవ్వం. ఒకేసారి పది షాపులు ఒప్పుకుని అందరినీ తిప్పుతాం. షాపు గూగుల్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ మా సొంత మెయిల్‌తో తెరిచి, గొడవ వచ్చినప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకుండా బిగబట్టిన వాళ్లు మాలో ఉన్నారు. ఒక మెడికల్ షాపు వారి మ్యాపులో ఇప్పటికీ ఊరొదిలి వెళ్లిన కుర్రాడి ఫోన్ నంబరే ఉంది, మందుల కోసం అర్ధరాత్రి ఫోన్లు అతనికి వస్తున్నాయి. ఇంకొకటి, మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు మా ల్యాప్‌టాపుల్లో ఉంటాయి. వాటిని ఇంకో షాపుకి ఇస్తే అది నమ్మకద్రోహం. మాలో ఎవరు అలా చేసినా వెనకేసుకు రాము. అన్నిటికంటే పెద్ద తప్పు, చట్టం మాకిచ్చిన దాన్ని మేమే వాడుకోలేదు. పదిహేడు మందిలో ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, ఉన్నవాళ్లు మొన్నటి దాకా ఇద్దరే. అది ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, 2020 జూలై నుంచీ ఉంది. ఇప్పుడు అందరం చేసుకున్నాం.

ఆ చట్టం ఏం చెబుతుందో ఇక్కడ రాయడం బెదిరించడానికి కాదు. మీ ఆడిటర్‌ని అడిగి సరిచూసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకుంటే, రాతలో గడువు రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. రాత లేకపోతే గడువు 15 రోజులే. కాగితం రాయకపోతే ఇష్టమొచ్చినప్పుడు ఇవ్వొచ్చని మీలో చాలామంది అనుకుంటున్నారు. జరిగేది దానికి తలకిందులు. కాగితం లేకపోతే మీ గడువే తగ్గిపోతుంది. పనిలో లోపం ఉందంటే అది కూడా 15 రోజుల్లోపు రాతలో చెప్పాలి, ఏడాది తర్వాత "అప్పుడు నచ్చలేదు" అంటే కుదరదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. ఆ వడ్డీని ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. ఫిర్యాదుకి 2017లో మొదలైన సమాధాన్ పోర్టల్ ఉంది. ఆ ఫిర్యాదు, ఇలాంటి బాకీలు తేల్చే కౌన్సిల్‌కి వెళ్తే 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. తీర్పు మీద కోర్టుకెళ్లాలన్నా కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. దీనికి తోడు, 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) అనే సెక్షన్ అమలైంది. ఈ గడువులు దాటి మార్చి 31 నాటికి కట్టకుండా ఉన్న బిల్లు ఆ ఏడాది మీ ఖర్చుగా చెల్లదు, కట్టిన ఏడాదిలోనే చెల్లుతుంది. మా మూడు వేల బిల్లుతో మీకు కొంపలు మునగవు. కానీ ఇలాంటివి పది ఉంటే ఆడిటర్ ఫోన్ చేస్తాడు.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అందులో గిగ్ వర్కర్, అంటే జీతానికి కాకుండా పనికింత అని చేసేవాళ్లు, అన్న పేరు ఉంది. ఫుడ్ డెలివరీ, క్యాబ్ లాంటి కంపెనీలు టర్నోవరులో ఒకటి రెండు శాతం నిధికి కట్టాలని కూడా ఉంది. షాపులతో నేరుగా పనిచేసే మాకు ఎవరు కడతారు? ఇది మీ మీద వేసే భారం కాదు, ప్రభుత్వం ఆలోచించాల్సిన సంగతి. సందర్భం వచ్చింది కాబట్టి రాశాను.

మేము కోరేవి:

1. పనికి ఒక పేజీ కాగితం, తెలుగులో. ఏ పని, ఎంత డబ్బు, ఎప్పటికి ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు, డబ్బు ఏ తారీకున. అంతే. సంతకాలకి వీలు లేకపోతే అదే విషయం వాట్సాప్‌లో రాసి రెండు పక్షాలూ "సరే" అని పెట్టుకున్నా చాలు.

2. ఒక్కసారి చేసే పనులకి, అంటే వెబ్‌సైటు, లేబుల్, ఫొటోలు లాంటి వాటికి, మూడో వంతు అడ్వాన్సు, మిగతాది పని అందిన 15 రోజుల్లో. నెలనెలా చేసే లెక్కల పనికి తర్వాతి నెల 5వ తారీకులోపు. పండగలకి, పెళ్లిళ్ల సీజనుకి దీనితో సంబంధం పెట్టొద్దు. చీరలు పెడితే సంతోషం, కానీ ఖాతాలో రాయకండి.

3. డబ్బివ్వని శాంపిల్ వద్దు. మేము ఇంతకు ముందు చేసినవి చూసి ఎంచుకోండి.

4. పేజీలు, డొమైన్, జీఎస్టీ లాగిన్ అన్నీ యజమాని ఫోన్, యజమాని మెయిల్ మీదే ఉండాలి. మా వైపు నుంచి దీన్ని మేమే షరతుగా పెట్టుకున్నాం. పని మానేసిన రోజు పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, మీ కస్టమర్ల వివరాలు మా దగ్గర చెరిపేస్తాం.

5. కొనుగోలు బిల్లులు వారం వారం పంపండి, శనివారం సాయంత్రం ఒక గంట చాలు. ఆ ఒక్క పని చేస్తే 19 రాత్రి మేమూ పడుకుంటాం, మీరూ ఫైను కట్టరు.

6. ప్రతి వర్తక సంఘంలో ఐదుగురితో ఒక కమిటీ. ఇద్దరు వ్యాపారులు, ఇద్దరం మేము, ఒక ఆడిటర్. 50,000 లోపు తగాదాలు నెల రోజుల్లో తేల్చాలి. వ్యాపారుల మధ్య సరుకు బాకీలు మీ సంఘాల్లో కూర్చుని తేల్చుకుంటారు కదా, ఆ అరుగు మీదే మాకూ కాస్త చోటు ఇవ్వండి. సమాధాన్ దాకా పోవాలని మాకు లేదు. పోతే గెలుస్తాం కానీ ఆ షాపు పని పోతుంది, పక్క షాపు కూడా భయపడుతుంది.

7. రెండు జిల్లాల పరిశ్రమల కేంద్రాల అధికారులకి ఒక మనవి. శ్రీకాకుళం, విజయనగరంలోనే కాకుండా రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి, పలాసలో నెలకో రోజు ఉద్యమ్ నమోదు శిబిరం పెట్టండి. ఆ రోజు ఆలస్యమైన బిల్లుల మీద ఫిర్యాదు ఎలా వేయాలో కూడా చెప్పే మనిషి ఉండాలి. అర్జీ వస్తే ప్రైవేటు వ్యవహారమని మూసేయకండి. 2006లోనే పార్లమెంటు దీన్ని చట్టంలో పెట్టింది.

పాత బాకీల గురించి. పదిహేడు మందికి కలిపి రావాల్సినవి 3,12,400 రూపాయలు. షాపుల పేర్లు ఈ లేఖలో రాయలేదు. ఎవరి లెక్క వారికి విడిగా, తారీకులతో సహా పంపాం. ఒకేసారి కష్టమైతే మూడు వాయిదాల్లో ఇవ్వండి. వడ్డీ అడగం. లెక్కలో తేడా ఉందంటే రండి, కూర్చుని చూసుకుందాం, టీ ఈసారి మేము ఇప్పిస్తాం.

వచ్చే నెల 1వ తారీకు నుంచి కాగితం లేని కొత్త పని మాలో ఎవరూ ఒప్పుకోరు. ఒక పేజీ నమూనా తయారు చేశాం. మీ సంఘాల ఆఫీసుల్లో ఇరవై చొప్పున ఇచ్చి వస్తాం. అందులో మార్పులు కావాలంటే ఈ నెలాఖరులోపు చెప్పండి, మారుస్తాం.

ఇప్పటికే చేతిలో ఉన్న పని మధ్యలో ఆపం. బాకీ ఉన్న షాపులవి కూడా ఈ 20న రిటర్నులు ఎప్పట్లాగే వేస్తాం. ఓటీపీ రాగానే కాస్త ఫోన్ ఎత్తండి.

ఇట్లు,
మీ షాపుల లెక్కలు, పోస్టర్లు, లేబుళ్లు, పేజీలు చూసే పదిహేడు మంది తరఫున,
శ్రీకాకుళం నుంచి ఒక అకౌంట్స్ మనిషి